పిల్లలు పడిపోయినప్పుడు చూసినవాళ్ళు ఎవరు?

(విజయవాడలో ఒక బడిలో తల్లిదండ్రులు, టీచర్ల కోసం పెట్టిన సమావేశంలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పిల్లల డాక్టరు గారు మాట్లాడినది ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాన్ల కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, పాపనెత్తుకుని నిలబడ్డారు కదా, మీరే, ఇలా రండి. ఈ ఎండల్లో బెజవాడలో ఒక గంట కదలకుండా నిలబడితే పెద్దవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి, నేను మాట్లాడబోయేదాంట్లో సగం అదే, కాబట్టి ముందు అందరూ కూర్చోండి, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.

ఒక్క మాట అడుగుతాను, చేతులెత్తండి. మీ ఇంట్లో గానీ, మీ క్లాసులో గానీ ఒక పిల్లో పిల్లవాడో ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది? చూడండి, సగం మందికి పైనే ఉన్నారు. సరే, చేతులు దించకండి. అదే బిడ్డ రెండోసారి, మూడోసారి కూడా పడిపోవడం చూసినవాళ్ళు మాత్రమే ఉంచండి. ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఆ బిడ్డకి ఈసీజీ తీయించినవాళ్ళు? గుండెకి తీసే ఈసీజీ అండీ, తలకి తీసేది కాదు. రెండు చేతులు. అక్కడ ఇంకొకటి, మూడు. మిగతా చేతులన్నీ దిగిపోయాయి కదా, నేను ఇవాళ గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చింది ఆ దిగిపోయిన చేతుల కోసమే.

మన దగ్గర పిల్లలు పడిపోతే ముందొచ్చే మాట ఒక్కటే, ఫిట్స్. ఇంట్లో ముసలివాళ్ళుంటే గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు. చేతిలో తాళాలగుత్తి పెడతారు, ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు, చెప్పు వాసన చూపిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో బిడ్డ కళ్ళు తెరుస్తుంది, తాళాలు పనిచేశాయని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తాళాలు ఏమీ చేయలేదండీ. ఈ పడిపోవడాల్లో చాలావరకు వాటంతట అవే ఆగిపోతాయి, తాళాలు పెట్టినా ఆగుతాయి, పెట్టకపోయినా ఆగుతాయి. ఇక ఆడపిల్ల అయితే ఆ మాట బయటికి పొక్కకూడదని, రేపు పెళ్ళికి అడ్డమవుతుందని అసలు ఎవరికీ చెప్పరు. డాక్టరు దగ్గరికి వచ్చినా పక్క ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్తారు. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాచిపెట్టిన ప్రతిసారీ మాకు కావలసిన కథ కూడా దాగిపోతుంది.

కథ అన్నాను, కావాలనే అన్నాను. బిడ్డ మా దగ్గరికి వచ్చేసరికి మామూలుగా ఉంటుంది. నవ్వుతూ ఉంటుంది. నాడి బాగుంటుంది, బీపీ బాగుంటుంది. పడిపోయినప్పుడు ఏం జరిగిందో ఆ బిడ్డకి తెలియదు, తెలివి తప్పింది కదా మరి. నేను అక్కడ లేను. మరి ఎవరికి తెలుసు? చూసినవాళ్ళకి తెలుసు. డ్రిల్లు మాస్టారికి తెలుసు, పక్క బెంచీ పిల్లకి తెలుసు, ఆటో అతనికి తెలుసు. కానీ నా గదిలోకి ఎవరొస్తారు? ఆ సమయానికి ఆఫీసులో ఉన్న నాన్న వస్తాడు. 'ఏమైందండీ' అంటే 'ఫిట్స్ వచ్చాయంట డాక్టరు గారూ' అంటాడు. ఆ 'అంట' దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. నేను ఫోను చేయిస్తాను, చూసినవాళ్ళతో స్వయంగా మాట్లాడతాను. పదేళ్ళ పిల్లలు కూడా ఎంత బాగా చెబుతారో తెలుసా? 'ముందు తెల్లగా అయిపోయింది మేడమ్, గోడ పట్టుకుంది, తర్వాత జారిపోయింది' అని ఒక పాప చెప్పింది. అంతే, నా పని ముప్పావు వంతు అయిపోయింది.

ఎందుకంటే, ఆ పాప చెప్పింది మామూలు సొమ్మసిల్లడం. పిల్లల్లో, ముఖ్యంగా పదేళ్ళు దాటినవాళ్ళలో, పడిపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనబడే కారణం ఇదే. ఉదయం ఏమీ తినకుండా వచ్చి ప్రేయర్‌లో ఎండలో నిలబడతారు, నీళ్ళు తాగి ఉండరు, కాళ్ళలోకి రక్తం దిగిపోతుంది, ఒక దశలో నరాలు తప్పుడు సంకేతం పంపుతాయి, గుండె వేగం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది, మెదడుకి రక్తం చాలదు. మెదడుకి రక్తం పూర్తిగా ఆగితే 10 సెకన్లలోపే తెలివి పోతుంది, అంత సున్నితం అది. ఇంజెక్షను సూది చూసినా కొందరికి ఇదే జరుగుతుంది. పడే ముందు బిడ్డకి తెలుస్తుంది, కళ్ళు చీకట్లు కమ్ముతాయి, కడుపులో తిప్పుతుంది, చెమట పడుతుంది, మాటలు దూరం నుంచి వినబడుతున్నట్టు ఉంటాయి, ముఖం పాలిపోతుంది. పడుకోబెట్టగానే రక్తం మళ్ళీ తలకి చేరి అర నిమిషంలోనో, నిమిషంలోనో లేస్తుంది, లేచి 'నేనెక్కడున్నాను' అనకుండా మిమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడుతుంది. దీనికి సెలైన్ ఎక్కించాల్సిన పని లేదు, తలకి స్కానింగు అక్కర్లేదు. నీళ్ళు బాగా తాగించండి, పొద్దున టిఫిను పెట్టి పంపండి, కళ్ళు తిరుగుతున్నాయి అనిపించగానే సిగ్గుపడకుండా కింద కూర్చోమని నేర్పండి, కూర్చోవడం కుదరకపోతే కాళ్ళు ఒకదాని మీద ఒకటి మెలివేసి గట్టిగా బిగించమనండి.

ఇక్కడే ఒక చిక్కుంది, టీచర్లు దయచేసి బాగా వినండి. మామూలుగా సొమ్మసిల్లిన బిడ్డ కూడా చేతులూ కాళ్ళూ కొట్టుకోవచ్చు. కళ్ళు పైకి తేలేయవచ్చు. ఒక్కోసారి బట్టల్లో మూత్రం కూడా పోవచ్చు. జర్మనీలో కొందరు డాక్టర్లు 1994లో ఒక పరిశోధన అచ్చు వేశారు, ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లని వాళ్ళ ఇష్టంతోనే, గబగబా ఊపిరి తీయించి, టక్కున లేపి నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి, స్పృహ తప్పేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి చేతులో కాళ్ళో ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కరికీ ఫిట్స్ జబ్బు లేదు! రక్తం అందని మెదడు అలా చేస్తుంది, అంతే. అందుకని 'కొట్టుకుంది' అన్న ఒక్క మాట మీద ఎవరికీ ఫిట్స్ ముద్ర వేయకూడదు. ఎంతసేపు కొట్టుకుంది అని అడగాలి. పడిన తర్వాత కొట్టుకుందా, ముందే బిగుసుకుపోయి పడిందా అని అడగాలి. అసలైన ఫిట్స్‌లో సాధారణంగా ముందు ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంటుంది, తర్వాత ఒక లయలో ఒకటి రెండు నిమిషాలు కొట్టుకుంటుంది, నాలుక పక్కవైపు కొరుక్కుంటారు, తేరుకున్నాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటారు, నిద్రపోతారు. సొమ్మసిల్లిన బిడ్డ మెత్తగా వాలిపోతుంది, నాలుగైదు సార్లు అదురుతుంది, గబుక్కున తేరుకుంటుంది.

మీ అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. పడిపోయిన బిడ్డని ఫోనులో తీస్తే చూసేవాళ్ళు తిడతారని భయపడతారు. తీయండి, నేను చెబుతున్నాను. ఒకళ్ళు బిడ్డని చూసుకోండి, ఇంకొకళ్ళు తీయండి. ముఖం కనబడాలి, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా కనబడాలి, రెండు చేతులూ కనబడాలి, లేచాక ఎలా ఉందో కూడా ఉండాలి. డాక్టరుకి చూపించడానికి మాత్రమే, గ్రూపుల్లో పెట్టడానికి కాదు. ఇప్పుడు చాలా బడుల్లో సీసీ కెమెరాలున్నాయి కదా, బిడ్డ పడిపోయిన రోజే ఆ ఫుటేజీ అడిగి తీసుకోండి, కొన్నాళ్ళకి అది చెరిగిపోతుంది. ఒక్క నిమిషం వీడియో నాకు పెద్ద ఫైలు కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇందాక ముందుకు వచ్చి కూర్చున్న అమ్మ నేను మొదలుపెట్టకముందే ఒక విషయం అడిగారు, ఇప్పుడు చెబుతాను. పాపకి ఏడాదిన్నర. ఏదైనా ఇవ్వకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి ఊపిరి వదిలేసి మళ్ళీ తీసుకోదు, నీలంగా అయిపోతుంది, ఒళ్ళు వేలాడేస్తుంది. అవునామ్మా? గుక్క తిప్పుకోలేకపోవడం అని మన అమ్మమ్మలకి బాగా తెలిసిన సంగతే ఇది. సాధారణంగా ఆరు నెలలు దాటాక మొదలవుతుంది, ఐదారేళ్ళు వచ్చేసరికి పోతుంది. పాప కావాలని చేయడం లేదు, మొండితనం అని కొట్టకండి. అలాగని అడిగిందల్లా చేతిలో పెట్టేయనూ అక్కర్లేదు. ఒక్క పని చేయండి, రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చూడాలి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ ఇస్తే చాలామందిలో తగ్గుతుంది. ఎంత ఇవ్వాలన్నది డాక్టరు బరువు చూసి రాస్తారు, మీరు షాపులో కొని పోయకండి, చిన్నపిల్లలకి ఐరన్ ఎక్కువైతే ప్రమాదం. కొందరు పిల్లలు ఏడవకుండానే, చిన్న దెబ్బ తగలగానే తెల్లగా పాలిపోయి పడిపోతారు, అదీ ఈ కోవదే, కానీ అలాంటి బిడ్డకి నేను ఈసీజీ తీయకుండా ఇంటికి పంపను.

టీచర్లు మాత్రమే పట్టుకోగలిగేది ఒకటుంది. బిడ్డ పడిపోదు. రాస్తూ రాస్తూ పెన్ను ఆగిపోతుంది, చూపు అలాగే నిలిచిపోతుంది, పది సెకన్లు, మళ్ళీ ఏమీ జరగనట్టు రాస్తుంది. రోజుకి చాలాసార్లు. నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ మధ్య ఎక్కువ. క్లాసులో పరధ్యానం అని నెత్తిన మొట్టికాయ వేస్తారు. అది పరధ్యానం కాదండీ, అదొక రకం ఫిట్స్. పిలిచినా, భుజం తట్టినా పలకకపోతే అనుమానించండి. మా గదిలో ఇలాంటి పిల్లలకి ఒక కాగితం ముక్క ఇచ్చి మూడు నిమిషాలు ఆపకుండా ఊదమంటాము, ఊదుతుండగానే మా కళ్ళముందే ఆగిపోతారు. దీనికి తలకి తీసే ఈఈజీ బాగా పనికొస్తుంది, సెకనుకి మూడు చొప్పున మొనదేలిన అలలు కనబడతాయి, మందులు కూడా బాగా పనిచేస్తాయి.

ఇప్పుడు ఈసీజీ, ఈఈజీ. ఒక్క అక్షరం తేడా, జనం రెండిటినీ కలిపేస్తారు. ఈసీజీ గుండెకి. ఈఈజీ మెదడుకి. ఈసీజీ యంత్రం చేసిన ఐంట్‌హోవెన్‌కి 1924లో నోబెల్ ఇచ్చారు, అదే ఏడాది జర్మనీలో బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు అలల్ని రికార్డు చేశాడు. రెండూ వందేళ్ళ నాటివే. మరి పడిపోయిన మన బిడ్డలకి ఈఈజీ తీస్తారు, సీటీ తీస్తారు, ఎమ్మారై తీస్తారు, ఈసీజీ ఎందుకు తీయరు? ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, రెండు ఫిట్స్ మధ్యలో అది మామూలుగా ఉండొచ్చు. అందులో కొంచెం తేడా ఉన్నంత మాత్రాన ఫిట్స్ ఉన్నాయనీ కాదు, జబ్బు ఏమీ లేని పిల్లల్లో కూడా కొందరికి తేడాలు వస్తాయి. కథ లేకుండా ఆ కాగితం చదివితే దారి తప్పుతాం.

నేను తప్పాను. అది చెప్పడానికే ఇంతసేపూ కూడగట్టుకుంటున్నాను.

చాలా ఏళ్ళ కిందట తెనాలి వైపు పల్లెటూరి నుంచి ఒక తొమ్మిదేళ్ళ పాపని తీసుకొచ్చారు. ఏడేళ్ళప్పుడు ఆగస్టు పదిహేనుకి బడిలో పరుగుపందెంలో పడిపోయింది, చేతులు కొట్టుకున్నాయి, బట్టల్లో మూత్రం పోయింది. ఎక్కడో చూపించారు, ఈఈజీలో కొంచెం తేడా ఉందన్నారు, ఫిట్స్ మందు మొదలుపెట్టారు. ఏడాది తర్వాత వీధిలో కుక్క వెంటపడితే పరుగెత్తి పడిపోయింది. మందు మోతాదు పెంచారు. నా దగ్గరికి వచ్చేసరికి ఇంత ఫైలు, రెండు ఈఈజీలు, ఒక సీటీ, ఒక ఎమ్మారై. నేను ఫైలు చూశాను, బిడ్డని చూశాను, అదే మందు కొనసాగించమని రాశాను. పరుగెత్తుతుంటే పడింది, రెండుసార్లూ పరుగెత్తుతుంటేనే పడింది, అది ఆ ఫైల్లో రాసే ఉంది! నా కళ్ళు ఆ మాట మీదుగానే పోయాయి, ఆగలేదు. నాలుగు నెలలకి ఖోఖో ఆడుతూ మళ్ళీ పడింది.

ఈసారి వాళ్ళమ్మకి జ్వరం, నాయనమ్మ తీసుకొచ్చింది. కొత్త మనిషి కదా అని కుటుంబం సంగతులన్నీ మొదటి నుంచి అడిగాను. 'పాప ఒక్కతేనా అమ్మా' అన్నాను. 'అన్న ఉండేవాడమ్మా, కాలవలో పోయాడు' అంది. ఈత రాదా అన్నాను. 'రాకపోవడమేంటమ్మా, వేసంగి సెలవులంతా కాలవలోనే ఉండేవాడు. ఆ రోజు ఎందుకు మునిగాడో ఆ దేవుడికే తెలియాలి' అంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పక్కగదిలోకి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాను. పది నిమిషాల పని, కొన్ని వందల రూపాయల ఖర్చు. అందులో క్యూటీ అనే కొలత 510 మిల్లీసెకన్లు దాటి ఉంది, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. పాపకి ఫిట్స్ కాదు. ఎప్పుడూ ఫిట్స్ కాదు.

లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అంటారు దాన్ని. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోవడానికి లోపల కరెంటు సర్దుకోవాలి, మన ఫోను ఛార్జింగు ఎక్కినట్టు. ఆ సర్దుకునే సమయం ఈసీజీ కాగితం మీద క్యూటీ అనే దూరంగా కనబడుతుంది. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే అది సాగిపోయి ఉంటుంది. గుండె ఆకారం మామూలే, స్కానింగు తీస్తే ఏ లోపమూ కనబడదు. కానీ పరుగెత్తినప్పుడో, ఈదుతున్నప్పుడో, ఉలిక్కిపడినప్పుడో లయ తప్పి గుండె వణుకుతుంది, రక్తం బయటికి తోయదు, మెదడుకి అందదు, బిడ్డ పడిపోతుంది, కొట్టుకుంటుంది. అచ్చం ఫిట్స్ లాగే ఉంటుంది. లయ దానంతట అదే సర్దుకుంటే బిడ్డ లేస్తుంది, ఉల్లిపాయ పనిచేసిందనుకుంటాం. సర్దుకోకపోతే... లేవదు. ఇందులో రకాలున్నాయి, ఒక రకం ఈతలో, పరుగులో బయటపడుతుంది, ఇంకో రకం తెల్లవారుజామున అలారం మోగితే, ఫోను గట్టిగా మోగితే బయటపడుతుంది, మరొకటి నిద్రలో. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. అరుదే, కానీ ఇంత పెద్ద ఊళ్ళో ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి.

పాపకి గుండె మీద ఒత్తిడి తగ్గించే బీటా బ్లాకర్ బిళ్ళ మొదలుపెట్టాం, ఫిట్స్ మందు కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి తీసేశాం. అలా టక్కున ఆపకూడదు, మీలో ఎవరూ ఇది విని ఇవాళే మందు ఆపేయకండి. తర్వాత ఇంట్లో అందరికీ ఈసీజీ తీశాం, వాళ్ళమ్మకి కూడా క్యూటీ 480 ఉంది. ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా పడిపోలేదు! ఒకే ఇంట్లో అలా ఉంటుంది ఇది. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆ బిళ్ళ మొదలయ్యాక మళ్ళీ పడలేదు. వాళ్ళమ్మ ఆ రోజు ఈసీజీ కాగితం చేతిలో పట్టుకుని, 'మా అబ్బాయికి కూడా అప్పుడు ఇది తీయించి ఉంటే...' అని ఆగింది. నేనేం చెప్పగలను?

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ, ఎవరినీ తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ ఉన్నాయి. అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. 1957లో నార్వేలో యెర్వెల్, లాంగె నీల్సెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లలు, నలుగురికి పుట్టు చెవుడు, ఆ నలుగురూ ఊరికే పడిపోయేవాళ్ళు, వాళ్ళలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. నలుగురికీ క్యూటీ సాగిపోయి ఉంది. ఈ రకం రావాలంటే తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి ఒక లోపం రెండూ కలవాలి. దగ్గర చుట్టరికంలో పెళ్ళయితే అలా కలిసే అవకాశం ఎక్కువ. అందుకని పుట్టుకతో వినబడని బిడ్డ ఒక్కసారి స్పృహ తప్పినా ఈసీజీ తీయాల్సిందే. అసలు పడిపోకపోయినా ఒకసారి తీయించుకోవాలంటాను నేను. చెవుడు లేని రకాన్ని తర్వాత 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డ్ రాశారు.

ఈసీజీ తీయించాక కూడా ఒక జాగ్రత్త ఉంది. యంత్రం పైన అచ్చువేసే అంకెని గుడ్డిగా నమ్మకూడదు, డాక్టరు స్కేలు పెట్టి కొలవాలి, గుండె వేగాన్ని బట్టి సరిచేయాలి, బాజెట్ అనే ఆయన 1920లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నాం. 'క్యూటీ మీరు కొలిచారా డాక్టరు గారూ' అని అడగండి, ఎవరూ కోప్పడరు. ఇంకొకటి, ఈసీజీ పూర్తిగా నార్మల్‌గా ఉండి కూడా పరుగెత్తితేనో, బాగా ఉద్రేకపడితేనో లయ తప్పే జబ్బు ఉంది, సీపీవీటీ అంటారు, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి తీస్తేనే బయటపడుతుంది. కాబట్టి ఆటల్లో పడిపోయిన బిడ్డకి పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని ఆగిపోకండి. గుండె కండరం మందంగా ఉండడం, కవాటం ఇరుకుగా ఉండడం లాంటివి గుండె స్కానింగులో తెలుస్తాయి. ఎప్పుడో గానీ పడిపోని పిల్లలకి ఒంటికి తగిలించి 24 గంటలూ ఈసీజీ తీసే హోల్టర్ యంత్రం పెట్టినా ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు, అలాంటప్పుడు చర్మం కింద పెట్టే చిన్న రికార్డరు కూడా ఉంది.

మరి ఎవరి విషయంలో కంగారుపడాలి? ఆడుతూ పరుగెడుతూ మధ్యలో పడిపోయిన బిడ్డ. నీళ్ళలో పడిపోయిన బిడ్డ. ముందు ఏ సూచనా లేకుండా చెట్టు కూలినట్టు పడిపోయిన బిడ్డ. పడుకుని ఉండగా స్పృహ తప్పిన బిడ్డ. పడేముందు గుండె దడదడలాడిందని, నొప్పి వచ్చిందని చెప్పిన బిడ్డ. ఇంట్లో నలభై ఏళ్ళలోపు ఎవరైనా నిద్రలోనో, నీళ్ళలోనో, ఉన్నట్టుండి పోయి ఉంటే ఆ ఇంటి బిడ్డ. ఇది డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. తాతమ్మల్ని అడిగి తెలుసుకోండి, వాళ్ళకే గుర్తుంటుంది. అలాంటి పిల్లలకి మందులు కూడా చూసి వాడాలి, మనం షాపుకెళ్ళి అడిగి కొనుక్కునే అజిత్రోమైసిన్, వాంతులకి వాడే డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి క్యూటీని ఇంకా సాగదీస్తాయి.

షుగరు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. చిన్నపిల్లలు రాత్రి తినకుండా పడుకుని పొద్దున్నే మగతగా, చెమటలతో ఉంటే, లేదా ఇన్సులిన్ తీసుకునే బిడ్డ తడబడితే ముందు వేలికొన గుచ్చి షుగరు చూడాలి. షుగరు ఎక్కించాక చూస్తే కారణం దొరకదు.

హాస్టళ్ళ గురించి చెప్పకుండా వెళ్ళను. విజయవాడలో, గుంటూరులో ఇంటర్ చదివే పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పదహారేళ్ళ అమ్మాయి స్టడీ అవర్లో వాలిపోతుంది, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటుంది, అరగంటైనా లేవదు, వారంలో నాలుగుసార్లు. నాడి బాగుంటుంది, రంగు బాగుంటుంది. పరీక్షలన్నీ నార్మల్. 'నాటకాలాడుతోంది' అంటారు. ఆడటం లేదండీ. మనసు మోయలేని టెన్షన్‌ని ఒళ్ళు ఇలా దింపుకుంటుంది, అది ఆ అమ్మాయి చేతిలో లేదు. కళ్ళు మూసుకుని ఉండడం, చాలాసేపు ఉండడం, ఇవి మాకు ఆనవాళ్ళు. ఫిట్స్‌లో, సొమ్మసిల్లడంలో కళ్ళు ఎక్కువగా తెరిచే ఉంటాయి. అందుకే వీడియో అన్నాను. ఆ అమ్మాయితో అమ్మానాన్న లేకుండా, వార్డెన్ లేకుండా ఒంటరిగా మాట్లాడాలి. మార్కులా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, ఇంటి మీద బెంగా, నెమ్మదిగా బయటికి వస్తుంది. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టినది, ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, హాస్టలు గోడ మీద రాయించండి. అయితే మనసు సంగతి అని తేల్చే ముందు కూడా ఈసీజీ ఒకటి తీసే ఉండాలి, మీకు విసుగొచ్చినా మళ్ళీ చెబుతున్నాను.

బిడ్డ పడిపోతే ఏం చేయాలో టీచర్లు అడిగారు. గుంపుని జరపండి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. కొట్టుకుంటుంటే, వాంతి వస్తుంటే పక్కకి తిప్పండి. నోట్లో నీళ్ళు వద్దు, చెంచాలు వద్దు, పళ్ళ మధ్య ఏదీ పెట్టకండి. గడియారం చూడండి, ఐదు నిమిషాలకీ కొట్టుకోవడం ఆగకపోతే 108కి చేయండి. ఆటలో పడిపోయి పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా తీయకపోతే ఐదు నిమిషాలు ఆగకండి, వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఇంకొకళ్ళు 108కి చేయాలి. ఎక్కువమందికి రాదు ఇది, నేను వచ్చే నెల బొమ్మ పట్టుకొచ్చి మీ అందరి చేతా చేయిస్తాను, హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు.

ప్రశ్నలు అడగండి. ఆ తాతగారు, అవును, మీరే, మైకు ఇవ్వండి ఆయనకి.

మనవడికి ఆరేళ్ళా. పుట్టుకతో వినబడదు, చెవికి మిషను పెట్టించారు. కోపం వచ్చి అరుస్తూ పరుగెత్తితే పడిపోతాడు. ఎన్నిసార్లండీ? మూడుసార్లు. గుక్కపట్టడం అన్నారా. ఆరేళ్ళ బిడ్డకి గుక్క అంటే నేను ఒప్పుకోను. మీ కోడలు చుట్టాలేనా? మీ చెల్లెలి కూతురా. ఈసీజీ ఎప్పుడైనా తీశారా? లేదా. బాబు ఇప్పుడెక్కడున్నాడు? బయట గ్రౌండులోనా? ఎవరైనా వెళ్ళి బాబుని పరుగెత్తించకుండా, భయపెట్టకుండా, మెల్లగా నడిపించుకుని రండి. అబ్బాయీ, నువ్వు వెళ్ళు, నవ్వుతూ పిలువు. తాతగారూ, కంగారుపడకండి, అది కాకపోవచ్చు కూడా. కానీ ఇవాళే తీయిద్దాం, రేపు వద్దు, నేనే మీతో వస్తాను. మిగతావాళ్ళ ప్రశ్నలు కాగితం మీద రాసి టీచరు గారికి ఇవ్వండి, అన్నిటికీ జవాబు రాసి పంపుతాను.